మీకు తెలుసా? పత్తి తేమలో సరళరేఖ, మిర్చి కల్లంలో సమీకరణం

ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లల్ని ఎక్కువగా హడలగొట్టేవి మూడు: బీజగణితం, గ్రాఫులు, శాతాలు. సత్తెనపల్లి పక్కనున్న ముప్పాళ్ళ మండలంలో పత్తి, మిర్చి పండించే ఇళ్లలో మాత్రం ఈ మూడూ రోజూ మాటల్లో నలుగుతూనే ఉంటాయి. తేమ ఎంతొచ్చింది, వడ్డీ ఎంతయింది, సాగర్‌లో నీళ్లెన్ని ఉన్నాయి అని పెద్దవాళ్లు మాట్లాడుకునేదంతా పాఠ్యపుస్తకంలోని లెక్కే. పుస్తకంలో ఎక్స్, వై కనిపించగానే అదే పిల్లవాడు బెదిరిపోతాడు. బెదరాల్సిన పనిలేదు. ఈ మూడు రకాల లెక్కల్లోనూ ముందు చేయాల్సిన పని ఒక్కటే, అది పేరు పెట్టడం. తెలియని రాశి ఏది? నూరుగా తీసుకున్నది దేన్ని? ఏ గీత మీద ఏం కొలుస్తున్నాం? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే మిగిలేది కూడికలు, తీసివేతలే. నమ్మకం కుదరకపోతే కింది ముచ్చట్లు చదవండి.

1. వెయ్యేళ్ల కిందటే తెలుగులో లెక్కల పుస్తకం

తెలుగులో తొలి గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లన మనకు దూరపువాడు కాడు. ఆయనది కమ్మనాటి పావులూరు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. ఆయన కాలం 11వ శతాబ్దమని సాధారణంగా చెబుతారు. అంతకు రెండు వందల ఏళ్ల ముందు, సుమారు క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో ‘గణితసారసంగ్రహం’ రాశాడు. మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో కవిత్వం గ్రంథాలుగా రూపు కడుతున్న రోజుల్లోనే లెక్కలు కూడా తెలుగులో చెప్పుకున్నామన్నమాట. ‘లెక్కలు మన భాషలో కుదరవు’ అనేవారికి ఇంతకంటే పాత జవాబు లేదు.

2. మాదీఫలం ఎంత, వెలగపండు ఎంత?

గణితసారసంగ్రహంలో ఒక పండ్ల లెక్క ఉంది. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి కొంటే ఖరీదు 107. అదే 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు అయితే 101. ఒక్కో పండు ధర ఎంత?

పదో తరగతిలో ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత’ అని చదివేది ఇదే. ముందు పేర్లు పెడదాం. మాదీఫలం ధర ‘మా’, వెలగపండు ధర ‘వె’.

9మా + 7వె = 107
7మా + 9వె = 101

చాలామంది పిల్లలు వెంటనే మొదటిదాన్ని 7తో, రెండోదాన్ని 9తో గుణించడం మొదలుపెడతారు. అదీ సరైన దారే, కాకపోతే పెద్ద పెద్ద అంకెలు వచ్చిపడతాయి. ఒక్క క్షణం ఆగి చూస్తే 9, 7 అటూ ఇటూ మారాయని కనిపిస్తుంది. అందుకే రెండు సమీకరణాలనూ కూడండి: 16మా + 16వె = 208, అంటే మా + వె = 13. ఇప్పుడు పైదానిలోంచి కిందిది తీసేయండి: 2మా − 2వె = 6, అంటే మా − వె = 3. రెండు ధరల మొత్తం 13, తేడా 3. కనుక మాదీఫలం 8, వెలగపండు 5.

సరిచూసుకోవడం మరవకండి. 72 + 35 = 107, 56 + 45 = 101. రెండూ కుదిరాయి. ఈ సరిచూపుకు అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం కాపాడే మార్కులు చాలా ఉంటాయి.

3. ఎక్స్ రాకముందు మనవాళ్లు రంగులు వాడారు

తెలియని రాశికి ఎక్స్, వై, జెడ్ అని చివరి అక్షరాలు వాడే పద్ధతి ఫ్రాన్స్ దేశపు డెకార్ట్ 1637లో అచ్చువేసిన జ్యామితి పుస్తకంతో స్థిరపడింది. అంతకు వెయ్యేళ్ల ముందు, 628లో, బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో తెలియని రాశులతో లెక్క చేసే నియమాలు చెప్పాడు. సున్నాతో, రుణసంఖ్యలతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో కూడా అందులోనే ఉంది. మన గణితజ్ఞులు ఒకటి కంటే ఎక్కువ తెలియని రాశులుంటే వాటిని రంగుల పేర్లతో పిలిచారు. కాలక అంటే నలుపు, నీలక అంటే నీలం, పీతక అంటే పసుపు. రాసేటప్పుడు ‘కా’, ‘నీ’, ‘పీ’ అని మొదటి అక్షరమే రాసేవారు. 1150లో భాస్కరాచార్యుడు రాసిన బీజగణితంలోనూ ఇదే పద్ధతి. కాబట్టి పై లెక్కలో ‘మా’, ‘వె’ అని రాసుకోవడం చిన్నపిల్లల ఆట కాదు, అది పెద్దల దారి. పరీక్షలో ఎక్స్, వై రాయండి. అర్థం చేసుకునేటప్పుడు మాత్రం మీకు నచ్చిన అక్షరం పెట్టుకోండి.

4. అటు నుంచి ఇటు వస్తే గుర్తు ఎందుకు మారుతుంది?

‘కుడివైపు నుంచి ఎడమవైపుకు వస్తే కూడిక తీసివేత అవుతుంది’ అని బట్టీ పట్టినవారు ఎక్కడో ఒకచోట తప్పు చేస్తారు. అసలు జరిగేది వేరు. మూడు మిర్చి టిక్కీలు (బస్తాలు), వాటి మీద 15 కిలోల విడి కాయలు కాటా మీద పెడితే మొత్తం 150 కిలోలు తూగిందనుకుందాం. మూడు టిక్కీలూ సమానం. ఒక్కోటి ‘ట’ కిలోలైతే:

3ట + 15 = 150

సమీకరణం కాటా లాంటిది. విడి కాయలు 15 కిలోలు దించితే తూకంలోనూ 15 తగ్గుతుంది. అప్పుడు 3ట = 135. రెండు వైపులా మూడో వంతు తీసుకుంటే ట = 45. ఏ అంకె కూడా అటు నుంచి ఇటు దూకలేదు, ఏ గుర్తూ తనంతట తాను మారలేదు. రెండు వైపులా ఒకే పని చేశాం, అంతే. పిల్లలకు ఈ మెట్టు రాయించి, అలవాటయ్యాకే అడ్డదారి చూపించాలని లెక్కలు చెప్పే ప్రతి ఒక్కరికీ నా విన్నపం.

5. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి 24

మన ఊళ్లలో వడ్డీని రూపాయల్లో చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయల వడ్డీ 24 శాతం. పొదుపు సంఘాల మహిళలకు బాగా తెలిసిన పావలా వడ్డీ ఏడాదికి 3 శాతం. నూటికి నెలకు ఇంత అని చెప్పే ఈ పద్ధతి ఇప్పటిది కాదు. 499 నాటి ఆర్యభటీయంలోనే వడ్డీ లెక్క ఉంది. మహావీరాచార్యుడి పుస్తకంలోనూ నూటికి నెలకు ఇంత అనే చెబుతారు.

పిల్లలు పడే చిక్కు ఎక్కడంటే, పుస్తకంలో ‘సంవత్సరానికి 12 శాతం’ అని, ఇంట్లో ‘రూపాయి వడ్డీ’ అని వినడంలో. రెండూ ఒకటేనని ఒక్కసారి చెబితే చాలు. 50,000 రూపాయలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున పది నెలలకు ఎంత? 50,000లో 500 నూర్లున్నాయి. నూటికి రెండు చొప్పున నెలకు 1,000. పది నెలలకు 10,000. సూత్రం అక్కర్లేకుండానే తేలిపోయింది.

చక్రవడ్డీ దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. లక్ష రూపాయలకు 24 శాతం చొప్పున మూడేళ్లకు బారువడ్డీ అయితే మొత్తం 1,72,000 కట్టాలి. ఏటా వడ్డీని అసల్లో కలుపుతూ పోతే 1,90,662 అవుతుంది. తేడా 18 వేలు దాటింది. రెండో ఏడాది నూరుగా తీసుకున్నది లక్షను కాదు, 1,24,000ను. నూరు మారితే లెక్క మారుతుంది.

6. సెంటు భూమి, శాతం ఒకటే లెక్క

ఎకరాకు 100 సెంట్లు. అంటే 35 సెంట్ల చెక్క ఎకరంలో 35 శాతం. ఎకరం 4,840 చదరపు గజాలు కాబట్టి సెంటు 48.4 గజాలు, 35 సెంట్లు 1,694 గజాలు. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 గజాలు. కనుక ఒక గుంట రెండున్నర సెంట్లు, అంటే ఎకరంలో 2.5 శాతం. శాతాలు అర్థం కావడం లేదన్న పిల్లలకు ముందుగా సొంత పొలం లెక్క ఇవ్వండి. రెండెకరాల్లో 60 సెంట్లు మిర్చి వేస్తే అది ఎంత శాతం? 60 అని వెంటనే అనేస్తారు. ఇక్కడ మొత్తం 200 సెంట్లు కదా, జవాబు 30 శాతం. ‘దేనిలో?’ అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో ఈ ఒక్క లెక్కే నేర్పుతుంది.

7. అణాలు, బేడలు కూడా శాతాలే

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. అణా అంటే 6.25 శాతం, బేడ 12.5 శాతం, పావలా 25 శాతం, అర్ధరూపాయి 50 శాతం, ముప్పావలా 75 శాతం. సగంలో సగం తీసుకుంటూ పోయే ఈ పద్ధతి తెలుగు లిపిలోనూ ఉంది. నాలుగో వంతులను, పదహారో వంతులను రాయడానికి పాత తెలుగు లెక్కల్లో ప్రత్యేకమైన గుర్తులుండేవి. 2008లో యూనికోడ్‌లోనూ వాటికి చోటు దక్కింది. పిల్లలు నోటిలెక్క చేసేటప్పుడు ఈ దారి ఇప్పటికీ పనికొస్తుంది. 640లో 12.5 శాతం ఎంత? సగం 320, అందులో సగం 160, అందులో సగం 80. కాగితం అవసరం లేదు.

8. క్వింటా పండుకాయ ఎండితే ఎంత?

మిర్చి కల్లం ముందు నిలబడి వేయాల్సిన లెక్క ఇది. కోసిన పండుకాయలో 75 శాతం నీరుందనుకుందాం. కల్లంలో ఆరబోసి తేమను 10 శాతానికి తెచ్చారు. 100 కిలోల పండుకాయకు ఎండుకాయ ఎంత దిగుతుంది?

‘75లోంచి 10 పోతే 65, కాబట్టి 65 కిలోలు ఆవిరై 35 కిలోలు మిగులుతాయి’ అని ఎక్కువమంది చెబుతారు. అది తప్పు. మొదటి 75 శాతం 100 కిలోల్లో చెప్పిన శాతం. చివరి 10 శాతం ఎండుకాయల బరువులో చెప్పిన శాతం. రెండింటికీ నూరు వేరు. వేర్వేరు నూర్ల మీద చెప్పిన శాతాలను కూడకూడదు, తీసివేయకూడదు.

సరైన దారి చూడండి. ఎండలో మారనిది ఏది? కాయలోని పదార్థం. అది 100 కిలోల్లో 25 కిలోలు. ఎండిన తర్వాత కూడా అదే 25 కిలోలు. ఎండుకాయ బరువు ‘ఎ’ అనుకుంటే, అందులో 10 శాతం తేమ, 90 శాతం పదార్థం. కాబట్టి:

0.9ఎ = 25
ఎ = 27.8 కిలోలు, సుమారుగా

35 అనుకున్న రైతుకు 28 కూడా రాలేదు. ఏడు కిలోలకు పైగా తేడా! కాటాలో మోసమేదీ లేదు, ముందు వేసుకున్న లెక్కే తప్పు. ఒక్క వరుస సమీకరణం ఆ తప్పును పట్టిస్తుంది.

9. 20 శాతం తగ్గి, 20 శాతం పెరిగితే మునుపటి ధర రాదు

క్వింటా 10,000 ఉన్న ధర 20 శాతం పడితే 8,000. మళ్లీ 20 శాతం లేస్తే 9,600 మాత్రమే. మొదటి 20 శాతం పదివేల మీద, రెండోది ఎనిమిది వేల మీద. మళ్లీ పదివేలు కావాలంటే 25 శాతం పెరగాలి. ధర సగానికి పడితే? తిరిగి లేవడానికి 100 శాతం పెరుగుదల కావాలి. దుకాణం ముందు ‘50 శాతం, ఆపైన 20 శాతం తగ్గింపు’ అన్న బోర్డు చూసి 70 శాతం తగ్గిందనుకోకండి. వంద రూపాయల వస్తువు ముందు 50కి, తర్వాత 40కి వస్తుంది. తగ్గింది 60 శాతమే.

10. పత్తి ధర గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది

భారత పత్తి సంస్థ, అంటే మనమందరం సీసీఐ అనేది, పొడవు పింజ పత్తికి 2025-26 మద్దతు ధరగా క్వింటాకు 8,110 రూపాయలు ఇచ్చింది. అది 8 శాతం తేమ ఉన్న పత్తికి. తేమ ఒక్కో శాతం పెరిగే కొద్దీ ధరలో ఒక్కో శాతం, అంటే 81.10 రూపాయలు, కోత పడుతుంది. 12 శాతం దాటితే కొనరు. పట్టిక ఇలా ఉంటుంది:

తేమ 8 శాతం: రూ. 8,110.00
తేమ 9 శాతం: రూ. 8,028.90
తేమ 10 శాతం: రూ. 7,947.80
తేమ 11 శాతం: రూ. 7,866.70
తేమ 12 శాతం: రూ. 7,785.60

గ్రాఫు కాగితం తీయండి. అడ్డుగీత, అంటే ఎక్స్-అక్షం మీద ‘తేమ, శాతాల్లో’ అని రాయండి. నిలువుగీత, అంటే వై-అక్షం మీద ‘క్వింటా ధర, రూపాయల్లో’ అని రాయండి. అడ్డంగా ఒక సెంటీమీటరుకు ఒక శాతం, నిలువునా ఒక సెంటీమీటరుకు 50 రూపాయలు చొప్పున స్కేలు పెట్టండి. నిలువుగీతను 7,750 దగ్గర మొదలుపెడితే కాగితంలో హాయిగా పడుతుంది. ఐదు బిందువులు గుర్తించి కలపండి. ఎడమ నుంచి కుడికి దిగే సరళరేఖ వస్తుంది. అడుగు పక్కకు వేసినప్పుడల్లా రేఖ 81.10 దిగుతుంది. ఆ దిగుడునే వాలు అంటారు. ఇక్కడ వాలు −81.10. రేఖ 12 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ఆపైన ధరే లేదు. దాన్ని ఇంకా పొడిగించడం తప్పు.

ఈ గ్రాఫులో ఇంకో పాఠం ఉంది. కాగితం మీద రేఖ బాగా నిటారుగా పడిపోతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి మొత్తం తగ్గింది 4 శాతమే. నిలువుగీతను సున్నా నుంచి కాక 7,750 నుంచి మొదలుపెట్టాం కాబట్టి అలా కనిపించింది. పేపర్లలో, టీవీల్లో గ్రాఫులు చూసేటప్పుడు ముందు నిలువుగీత ఎక్కడ మొదలైందో చూడండి. తేమ 8 నుంచి 12కు పోతే పెరిగింది 4 శాతం పాయింట్లు. తేమ పరిమాణం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లయింది. రెండు మాటలూ నిజమే, రెండింటికీ అర్థం వేరు.

11. సాగర్‌లో అన్ని అడుగులూ సమానం కావు

అన్ని గ్రాఫులూ సరళరేఖలు కావు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అప్పుడు నిల్వ దాదాపు 312 టీఎంసీలు. 510 అడుగుల దగ్గర నిల్వ దాదాపు 131 టీఎంసీలు. 80 అడుగుల్లో 181 టీఎంసీలు, సగటున అడుగుకు రెండుంపావు టీఎంసీలకు కాస్త పైన. అయితే 585 నుంచి 590 దాకా ఉన్న ఐదడుగుల్లోనే సుమారు 14 టీఎంసీలు పడతాయి, అంటే అడుగుకు మూడుకు దగ్గర. పైకి పోయే కొద్దీ జలాశయం వెడల్పవుతుంది కాబట్టి, మట్టాన్ని అడ్డంగా, నిల్వను నిలువుగా పెట్టి గీస్తే గీత పైకి వంపు తిరుగుతుంది. ‘ఒక అడుగే కదా తగ్గింది’ అన్న మాటకు, అది ఏ అడుగో తెలిస్తేనే అర్థం.

టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి, 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. పల్నాడుకు నీళ్లిచ్చే కుడికాలువ 11,000 క్యూసెక్కులతో పారితే ఒక టీఎంసీ దాటడానికి 25 గంటలకు పైచిలుకు పడుతుంది. వార్తల్లో ఈ అంకెలు వచ్చిన రోజు పిల్లల చేత ఈ భాగహారం చేయించండి.

12. రెండు గీతలు కలిసిన చోటే జవాబు

పండ్ల లెక్కను గ్రాఫు మీద కూడా తేల్చవచ్చు. మా + వె = 13, మా − వె = 3 అన్న రెండు సమీకరణాలూ రెండు గీతలు. అడ్డుగీత మీద ‘మా’, నిలువుగీత మీద ‘వె’ అని రాయండి. మొదటి గీతకు (13, 0), (0, 13) బిందువులు. రెండోదానికి (3, 0), (10, 7) బిందువులు. స్కేలు ఆనించి గీయండి. రెండూ (8, 5) దగ్గర కలుస్తాయి. మొదటి గీత మీద ఎక్కడ నిలబడినా మొదటి మాట నిజమే, రెండోదాని మీద ఎక్కడైనా రెండో మాట నిజమే. రెండు మాటలూ ఒకేసారి నిజమయ్యే చోటు ఒక్కటే. గీతలు సమాంతరంగా పోతే అలాంటి చోటు లేదు, అంటే జవాబు లేదు. ఒకదాని మీద ఒకటి పడితే లెక్కలేనన్ని జవాబులు.

మీరు చేసి చూడండి

ఎనిమిదో ముచ్చటలోని మిర్చి లెక్కలో పండుకాయ తేమ 75 కాక 80 శాతం ఉంటే, 100 కిలోలకు ఎండుకాయ ఎంత దిగుతుంది? తేమ ఐదు పాయింట్లే పెరిగింది కాబట్టి దిగుబడి కూడా ఐదు శాతమే తగ్గుతుందా?

జవాబు: పదార్థం 20 కిలోలు. 0.9ఎ = 20, కనుక ఎ = 22.2 కిలోలు. ముందు 27.8 వచ్చింది. అంటే ఎండుకాయ బరువు 20 శాతం తగ్గింది, ఐదో వంతు పోయింది! పదార్థం 25 నుంచి 20కి తగ్గిందని గమనిస్తే, ఐదో వంతు ఎందుకు పోయిందో మీకే తెలుస్తుంది.

ముప్పాళ్ళ బడుల్లో చదివే పిల్లలకైనా, మరెక్కడి పిల్లలకైనా నేను చెప్పేది ఒకటే. లెక్క చూడగానే సూత్రం కోసం వెతక్కండి. ముందు తెలుగులో ఒక వాక్యం రాయండి: ‘తెలియనిది ఎండుకాయ బరువు’, ‘ఇక్కడ నూరు అంటే రెండో ఏడాది అసలు’, ‘అడ్డంగా తేమ, నిలువునా ధర’. పెద్దలకు చెప్పేదీ ఒకటుంది. పత్తి అమ్మిన చీటీ, అప్పు పత్రం, పొలం కొలతలు పిల్లలకు చూపించండి. లెక్క వాళ్ల చేతే వేయించండి. వాళ్లు వేసిన లెక్క ఇంట్లో పనికొచ్చిందని తెలిసిన రోజు నుంచి లెక్కల పీరియడ్ అంటే భయం ఉండదు.